బీపీ మాత్ర... రోజుకు ఎన్నిసార్లు?

1960ల్లో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో రక్తపోటు మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. దానికి ముందు నిలబడి నడిపించినవారు ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే వైద్యుడు. బీపీని మందులతో తగ్గిస్తే మనిషికి నిజంగా మేలు జరుగుతుందా అన్నది అప్పటికింకా తేలలేదు. వయసుతో పాటు బీపీ పెరగడం సహజమేననీ, దాన్ని దించితే మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం చాలదనీ నమ్మే పెద్ద డాక్టర్లు ఉండేవారు. ఫ్రైస్ బృందం అసలు పరిశోధన కంటే ముందు ఇంకో చిన్న పరీక్ష పెట్టింది. వచ్చినవాళ్లకు మందేమీ లేని ఉత్తుత్తి మాత్రలిచ్చింది. వాటిలో రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ కలిపింది. మాత్ర మింగినవాళ్ల మూత్రం అతినీలలోహిత కాంతి కింద పెడితే మెరుస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించారు. సరిగా వేసుకోనివాళ్లను పరిశోధనలోకి తీసుకోలేదు. దాదాపు సగం మంది అక్కడే ఆగిపోయారు.

ఆ వడపోతలో నిలిచినవాళ్లతో సాగిన అధ్యయనం తొలి ఫలితాలు 1967లో వచ్చాయి. కింది బీపీ 115 నుంచి 129 మధ్య ఉన్న మగవాళ్లు 143 మంది. ఉత్తుత్తి మాత్రలు అందిన 70 మందిలో 27 మందికి తీవ్రమైన ప్రమాదాలు ముంచుకొచ్చాయి. మందు అందిన 73 మందిలో ఇద్దరికే. వైద్య చరిత్రలో ఇంత స్పష్టమైన తేడా చాలా అరుదు. ఆ మందుల్లో ఒకటి రిసర్పిన్, మన అడవుల్లో పెరిగే సర్పగంధ వేరు నుంచి తీసినది. ఆ వేరు బీపీని దించుతుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసి లోకం దృష్టికి తెచ్చారు. ఫ్రైస్ రోగులు ఆ మాత్రను రోజుకు రెండుసార్లు, దానితో పాటు హైడ్రలజిన్ అనే ఇంకో మాత్రను మూడుసార్లు మింగాలి. అంటే బీపీ వైద్యం ప్రాణాలు కాపాడుతుందన్న మొదటి గట్టి రుజువు వేళ తప్పకుండా మాత్రలు వేసుకోగలిగిన సగం మంది మీద నిలబడింది. మిగతా సగం మంది గురించే ఈ కథనం.

ఎందుకంటే మన ఊళ్లలో, మన ఇళ్లలో బీపీ ఉన్నవాళ్లను ఎవరూ అలా వడగట్టరు. ఐసీఎంఆర్ దేశమంతటా జరిపిన ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇరవై ఏళ్ల కింద, 2003–04లోనే, ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను ఒక్కొక్కటిగా ఆరా తీసిన పరిశోధకులు 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేల్చారు. అంటువ్యాధులను దాటి అవే ముందు వరసలోకి వచ్చేశాయి. పచ్చని పల్లెల్లో పక్షవాతమూ గుండెపోటూ అంతగా ఉన్నప్పుడు, బీపీ మాత్ర రోజుకు ఎన్నిసార్లు వేసుకోమన్నారన్నది చిన్న సంగతి కాదు.

మూత చెప్పిన నిజం

రోగి మాత్ర ఎందుకు మానేస్తాడు? తెలియక మానేస్తాడని చాలాకాలం అనుకున్నారు. 1970ల్లో కెనడాలోని హామిల్టన్ ఉక్కు కార్మికుల మీద డేవిడ్ సాకెట్, బ్రయాన్ హేన్స్ బృందం ఈ నమ్మకాన్ని పరీక్షించింది. కొందరికి బీపీ గురించి చక్కగా పాఠం చెప్పారు. కొందరికి కర్మాగారంలోనే వైద్యం అందేలా చూశారు. పాఠం విన్నవాళ్లు జబ్బు గురించి బాగానే నేర్చుకున్నారు. మాత్రలు మాత్రం మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ వేసుకోలేదు. తర్వాత అదే బృందం దారి మార్చింది. మాత్ర వేళను ఒక్కొక్కరి దినచర్యకు అతికించింది. బీపీ ఎవరికి వారే చూసుకుని రాసుకునేలా చేసి, రెండు వారాలకోసారి పలకరించింది. అప్పుడు మార్పు వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ‘అవగాహన కల్పించాలి’ అనే మాట దగ్గరే ఆగిపోతున్నాం. ఉక్కు కార్మికులు యాభై ఏళ్ల కింద చెప్పిన జవాబు మనకింకా చేరినట్టు లేదు.

ఆ తర్వాత మాత్రల సీసా మూతలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ పెట్టే పద్ధతి వచ్చింది. మూత తీసిన ప్రతిసారీ తేదీ, సమయం నమోదవుతాయి. ‘వేసుకుంటున్నారా?’ అని డాక్టర్ అడిగితే ‘వేసుకుంటున్నా సార్’ అంటారు ఎవరైనా, అది మర్యాద. మూతకు ఆ మొహమాటం లేదు. ఇలాంటి పరికరాలతో వేర్వేరు జబ్బుల్లో జరిగిన 76 అధ్యయనాలను కలిపి 2001లో ఒక సమీక్ష ప్రచురించారు. రోజుకు ఒకసారి వేసుకోవాల్సిన మందును సగటున 79 శాతం మేర వేసుకున్నారు. రెండుసార్లయితే 69. మూడుసార్లయితే 65. నాలుగుసార్లయితే 51. పూటలు పెరిగేకొద్దీ పాటించడం పడిపోతూ వచ్చింది.

ఈ అంకెల్ని ఇంకాస్త దగ్గరగా చూడాలి. 79 అంటే కూడా నూటికి నూరు కాదు. ఒక్కపూట మాత్రనూ అయిదింట ఒక రోజు మనిషి తప్పిస్తున్నాడు. బీపీ మందుల మీద 4,783 మంది రోగుల మూతల లెక్కలతో 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ఇంకా కఠినమైన మాట చెప్పింది. ఏడాది తిరిగేసరికి సుమారు సగం మంది మందు పూర్తిగా ఆపేశారు. వేసుకుంటున్నవాళ్లలో ఏ రోజు చూసినా సుమారు పది శాతం మాత్రలు తప్పుతున్నాయి. పూటలు తగ్గించడం ఒక్కటే అన్ని రోగాలకూ విరుగుడని నేను అనను. కానీ మనిషి చేతిలో లేని కారణాలు ఎన్నో ఉండగా, డాక్టర్ కలం చేతిలో ఉన్న కారణం ఇదొక్కటి.

మూతలు ఇంకో గుట్టు కూడా విప్పాయి. ఆసుపత్రికి వెళ్లే రోజు దగ్గరపడితే రోగులు బుద్ధిగా వేసుకుంటారు. వచ్చాక కొన్నాళ్లు వేసుకుంటారు. ఆ తర్వాత జారిపోతారు. డాక్టర్‌కు కనిపించేది ఆ మంచి వారమే. ఒకవేళ మానేసి వెళ్తే, బీపీ ఎక్కువ చూపిస్తుంది. మందు పనిచేయడం లేదేమోనని డాక్టర్ రెండో మాత్ర రాస్తారు, తర్వాత మూడోది. ఇంగ్లండ్‌లోనూ చెక్ రిపబ్లిక్‌లోనూ రోగుల మూత్రంలో మందు ఆనవాళ్లు వెతికిన పరిశోధకులు, చీటీలో మందుల సంఖ్య పెరిగేకొద్దీ వేసుకోనివాళ్లూ పెరుగుతున్నారని గమనించారు. వేసుకోని మందుకు ఇంకో మందు తోడవుతుంది. దాని బరువుకు రెండూ మూలన పడతాయి.

ఒక్కసారి అని రాసినంత మాత్రాన

అయితే అన్నీ ఒక్కపూటకు మార్చేస్తే సరిపోదా? ఇక్కడే విషయం కాస్త చిక్కనవుతుంది. చీటీలో ‘రోజుకు ఒకటి’ అని రాయడం వేరు, ఆ మాత్ర రోజంతా పనిచేయడం వేరు.

మింగిన మందు రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయం ఒక్కో మందుకు ఒక్కో తీరు. 1981లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్టోప్రిల్‌కు అది సుమారు రెండు గంటలు. పన్నెండు గంటలు గడిచేసరికి అరవై నాలుగో వంతు మిగులుతుంది. అందుకే రెండు మూడు పూటలు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు మన ఊరి మందుల షాపులో ఎక్కువగా కనిపించే అమ్లోడిపిన్‌కు అది 30 నుంచి 50 గంటలు. ఒక రోజు మాత్ర మరచిపోయినా రక్తంలో సగానికి పైగా ఇంకా ఉంటుంది. క్యాప్టోప్రిల్ కుళాయి నీళ్లయితే అమ్లోడిపిన్ చెరువు. ఒకటి తిప్పినప్పుడే వస్తుంది, రెండోది వాన ఆగినా కొన్నాళ్లు పొలానికి పారుతుంది. చెరువు నిండడానికీ సమయం పడుతుంది మరి. అమ్లోడిపిన్ పూర్తి బలం అందుకోవడానికి ఏడెనిమిది రోజులు కావాలి. రెండు రోజులు వేసుకుని ‘బీపీ తగ్గలేదు’ అని మానేసేవాళ్లు ఈ సంగతి తెలియక మోసపోతారు.

మతిమరుపు ఉన్న మనిషిని ఇలా మన్నించే గుణం కొన్ని మందులకు ఉంది, కొన్నింటికి లేదు. పూటల సంఖ్య కంటే ఈ గుణం ముఖ్యమని నా అభిప్రాయం. త్వరగా కరిగిపోయే మందును రోజుకు ఒకసారే రాస్తే, రోగి ఒక్కటి తప్పించినా దాదాపు రెండు రోజుల గండి పడుతుంది. అదే మందును రెండు పూటలు రాస్తే ఒకటి తప్పినా గండి చిన్నదే. పూటలు తగ్గించేటప్పుడు మందును కూడా మార్చాలి, లేదా దాన్ని నెమ్మదిగా విడుదల చేసే మాత్ర ఎంచుకోవాలి. అటెనలాల్ చరిత్ర ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అది రక్తంలో సగానికి తగ్గేది ఆరేడు గంటల్లోనే అయినా, ఏళ్ల తరబడి రోజుకు ఒక్కటే రాస్తూ వచ్చారు. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో 9,193 మంది మీద అటెనలాల్‌ను లోసార్టాన్‌తో పోల్చితే, లోసార్టాన్ వాడినవాళ్లలో పక్షవాతం 25 శాతం తక్కువగా వచ్చింది. అటెనలాల్ వెనకబడటానికి అది రోజంతా కాపలా కాయకపోవడం కూడా ఒక కారణమని కొందరు నిపుణుల వాదన.

నిఫెడిపిన్ నేర్పిన పాఠం మరింత చేదు. దాని క్యాప్సూల్ గబగబా పనిచేసేది, గబగబా దిగిపోయేది. బీపీ బాగా పెరిగితే క్యాప్సూల్ చిదిమి నాలుక కింద వేయడం ఒక కాలంలో అన్నిచోట్లా వాడుక. బీపీ ఒక్కసారిగా కూలిపోయి గుండెకూ మెదడుకూ రక్తం చాలక కొందరు ప్రాణాల మీదకు తెచ్చుకున్నారు. 1996లో అమెరికా వైద్య పత్రిక జామాలో నిపుణులు దీన్ని ఆపాలని గట్టిగా కోరారు. అంతకు ముందు ఏడాదే, ఈ తరహాలో కొద్దిసేపే పనిచేసే మందులు వాడేవాళ్లలో గుండెపోట్లు ఎక్కువన్న అధ్యయనం వచ్చి కలకలం రేగింది. ఆ కుటుంబానికే చెందిన అమ్లోడిపిన్ మీద కూడా అనుమానం పడింది. 33 వేలకు పైగా మందితో సాగి 2002లో ముగిసిన ఆల్‌హ్యాట్ అధ్యయనం ఆ అనుమానాన్ని తీర్చింది. గుండెపోటు ముప్పులో అమ్లోడిపిన్ మిగతా మందులకు తీసిపోలేదు. గుండె వైఫల్యం మాత్రం కొంత ఎక్కువగా కనిపించింది. ఒకే కుటుంబంలోని రెండు మందుల్లో ఒకటి భయపెట్టి, ఒకటి నిలబడటానికి పెద్ద కారణం వేగం.

ఈ కారణంగానే నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను విరిచి, నూరి వేసుకోకూడదు. పెద్దవాళ్లకు మింగడం కష్టమవుతోందని ఇంట్లో పొడి చేసి ఇస్తుంటారు. ఇరవై నాలుగు గంటల మందు ఒక్క గంటలో ఒంట్లోకి దిగుతుంది. కవర్ మీద పేరు చివర ‘ఎక్స్ఎల్’, ‘ఎస్ఆర్’, ‘ఈఆర్’, ‘రిటార్డ్’ అని ఉంటే విరిచే ముందు మందుల షాపులో అడగాలి.

కొన్ని మందులను హఠాత్తుగా మానడం గురించి విడిగా చెప్పాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మన దగ్గర క్లోనిడిన్ తరచుగా రాస్తారు, రోజుకు రెండు మూడు పూటలు. అది ఉన్నట్టుండి ఆపితే బీపీ మందు మొదలుపెట్టక ముందు కంటే పైకి ఎగబాకగలదు. అటెనలాల్ వంటి మందులను కూడా గుండె జబ్బున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. డయాలసిస్‌కు వెళ్లే దారిలో, పెళ్లి ఊరికి బస్సెక్కే హడావిడిలో మరచిపోకూడని మాత్రలు ఇవి. ఇలాంటి మందు చీటీలో ఉన్న ఇంటివాళ్లకు ఆ సంగతి ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పి పంపాలి. రద్దీలో ఆ ఒక్క నిమిషం చాలాసార్లు దొరకదు.

ఒక్కపొద్దు నాటి మాత్ర

మందుల చీటీ మీద 1–0–1 అని, 1–1–1 అని రాసే అలవాటు మనకు బాగా తెలుసు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. ఈ మూడు గడులూ మూడు పూటలా ఇంట్లో వేళకు అన్నం తినే మనిషిని ఊహించుకుని గీసినవి. తెల్లవారకముందే మిరప కోతకు ఆటోలో వెళ్లే ఆమెకు మధ్యాహ్నపు మాత్ర ఎక్కడిది? రాత్రి షిఫ్టు వాచ్‌మన్‌కు ఉదయమంటే నిద్రవేళ. ‘అన్నం తిన్నాక’ అని మందుల షాపులో చెప్పిన మాట శనివారం ఒక్కపొద్దు ఉండే ఇల్లాలికి ఆ రోజు మాత్ర వద్దన్న మాటే అవుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం పాటు ఒంటిపూట భోజనం చేస్తారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు పగలంతా నీళ్లు కూడా ముట్టరు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి అన్నంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క చెబితే ఎన్నో శనివారాల మాత్రలు దక్కుతాయి. ఒక్కపూట మందయితే ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు, మూడు పూటలదైతే ఉపవాసమో వైద్యమో ఏదో ఒకటి చెడుతుంది.

నీటి మాత్ర గురించి రోగులు, ముఖ్యంగా ఆడవాళ్లు, డాక్టర్‌తో చెప్పుకోని సంగతి ఒకటుంది. అది వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. పొలంలో, బట్టల దుకాణంలో, బస్సులో ఆ వసతి ఉండదు. కాబట్టి పనికి వెళ్లే రోజు మానేస్తారు. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. పనిచోట మరుగుదొడ్డి లేకపోవడం బీపీ అదుపులో లేకపోవడానికి కారణమవుతుందని ఏ చీటీలోనూ రాయరు. అడిగి తెలుసుకున్న డాక్టర్ వేళ మారుస్తారు, లేదా మందు మారుస్తారు.

మరి పొద్దునా, రాత్రా? పడుకునేముందు వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం బాగా తగ్గుతాయని 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన హైజియా అధ్యయనం పెద్ద ఆశ పుట్టించింది. దాని పద్ధతి మీద ప్రశ్నలూ లేచాయి. 2022లో లాన్సెట్‌లో వెలువడిన టైమ్ అధ్యయనం ఆ చర్చను చాలావరకు తేల్చింది. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం నడిపించిన ఆ పరిశోధనలో బ్రిటన్ వాసులు 21,104 మంది పాల్గొన్నారు. అయిదేళ్లకు పైగా గమనించినా ఉదయం వేసుకున్నవాళ్లకూ రాత్రి వేసుకున్నవాళ్లకూ తేడా కనిపించలేదు. ఎక్కువమందికి ఇది హాయినిచ్చే ఫలితం. ఏ వేళ మరచిపోరో ఆ వేళే మంచి వేళ. పొద్దున్నే కాఫీ డబ్బా పక్కన పెట్టుకునేవాళ్లు పొద్దున్నే, రాత్రి సీరియల్ అయ్యాక గుర్తొచ్చేవాళ్లు రాత్రే వేసుకోవచ్చు. నీటి మాత్ర మాత్రం పగలే మేలు. రాత్రి నిద్ర లేచి చీకట్లో నడిచి పడిపోయే ముప్పు వృద్ధులకు చిన్నది కాదు.

నాలుగు మందులు, ఒక మాత్ర

చాలామందికి ఒక్క మందుతో బీపీ దారికి రాదు. అలాంటప్పుడు ఉన్నదాని మోతాదు రెట్టింపు చేయడం కంటే ఇంకో తరహా మందు చేర్చడం దాదాపు అయిదు రెట్లు ఎక్కువ ఫలితమిస్తుందని 2009లో ప్రచురించిన ఒక విశ్లేషణ చూపింది. కానీ రెండు మందులంటే రెండు మాత్రలా? ఒకే మాత్రలో కలిపి ఇస్తే? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో హైదరాబాద్‌కు చోటుంది. రక్తం పలచబరిచేది, కొలెస్ట్రాల్ తగ్గించేది, బీపీవి రెండు, మొత్తం నాలుగు మందులు కలిపిన ఒక మాత్రను డాక్టర్ రెడ్డీస్ తయారు చేసింది. భారత్‌లోనూ యూరప్‌లోనూ 2,004 మంది మీద దాన్ని పరీక్షించారు. 2013లో జామాలో వెలువడిన ఆ అంపైర్ అధ్యయనంలో, పదిహేను నెలల తర్వాత ఒక్క మాత్ర అందినవాళ్లలో 86 శాతం మంది మందులు సక్రమంగా వాడుతున్నారు. విడివిడిగా వాడేవాళ్లలో 65 శాతం. పై బీపీలో తేడా మాత్రం రెండున్నర పాయింట్ల చిల్లరే. అంతకు ముందు సరిగా వాడనివాళ్లకు లాభం ఎక్కువగా దక్కింది.

2018లో శ్రీలంక నుంచి వచ్చిన ఫలితం ఇంకా పెద్దది. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడింటినీ సగం మోతాదుల్లో కలిపిన ఒక మాత్రను రోజుకు ఒకసారి ఇచ్చారు. 700 మంది పాల్గొన్న ఈ అధ్యయనంలో ఆరు నెలలకు ఆ మాత్ర వాడినవాళ్లలో 70 శాతం మంది బీపీ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యంలో 55 శాతం. మన దేశంలో 1,981 మందితో జరిగి 2024లో వెలువడిన టాప్‌స్పిన్ అధ్యయనంలోనూ రెండు మందుల ఒక్కపూట మాత్రలతో సుమారు 70 శాతం మందికి బీపీ లొంగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఇలాంటి బీపీ జోడీ మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

కలిపిన మాత్రలంటే మనవాళ్లలో ఒక అనుమానం ఉంది, దానికి కారణమూ ఉంది. అర్థం లేని కలయికలు మార్కెట్‌ను ముంచెత్తడంతో 2016లో కేంద్రం 344 రకాలను నిషేధించాల్సి వచ్చింది. బీపీ జోడీలు ఆ కోవలోవి కావు. వాటికి పరిశోధన బలం ఉంది. ఇబ్బంది ఒక్కటే, ఒక మందు మోతాదు మార్చాలన్నా, ఒకదానివల్ల కాళ్లు వాచినా మాత్ర మొత్తం మార్చాల్సి ఉంటుంది.

ఆరు నెలలకోసారి సూదితో బీపీని అదుపులో పెట్టే జైలెబెసిరాన్ అనే మందు పరీక్షల దశలో ఉంది. కాలేయంలో బీపీని పెంచే ఒక ప్రొటీన్ తయారీనే అది ఆపుతుంది. 2024లో ప్రచురితమైన ఫలితాల్లో మూడు నెలల నాటికి పై బీపీ ఉత్తుత్తి సూదితో పోలిస్తే 14 నుంచి 17 పాయింట్ల మేర తగ్గింది. ఆశ ఉంది, జాగ్రత్తా అవసరం. మే నెల ఎండలో విరేచనాలతో బీపీ పడిపోయిన మనిషికి మాత్రను ఆ పూట ఆపొచ్చు. లోపలికి వెళ్లిన సూదిమందును వెనక్కి లాగలేం.

2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ పద్ధతిలో వాడేవి ఎక్కువగా ఒక్కపూట మందులే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకు సరిపడా ఇస్తారు, రానివాళ్లను సిబ్బంది ఆరా తీస్తారు. ఇది మంచి పునాది. అయితే మాత్ర రోజుకు ఎన్నిసార్లు మింగాలన్నంత ముఖ్యమే, ఆ మాత్ర కోసం ఏడాదికి ఎన్నిసార్లు వరుసలో నిలబడాలన్నది కూడా. నెలనెలా ఒక రోజు కూలి వదులుకుని రావాల్సిన మనిషికి ఏడాదికి పన్నెండు రోజుల కూలి పోతుంది. రెండుసార్లు రాలేకపోయినా రెండు నెలల మందు తప్పుతుంది. బీపీ అదుపులో ఉన్నవాళ్లను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. బీపీ కుదురుకున్న మనిషికి తొంభై మాత్రలు ఒకేసారి చేతికిచ్చి పంపేలా ప్రభుత్వ దవాఖానాల్లో నిల్వలు ఉండాలి. వీలైనచోట అవి రెండు మందులు కలిసిన తొంభై మాత్రలు కావాలి.